ఊరంటే ఎవరని అడిగిన చాటింపు తాత

మొన్న సోమవారం పొద్దున కామారెడ్డిలో మా బడి ప్రార్థన నడుస్తుండగా జేబులో ఫోన్ మోగింది. చేసింది అవ్వ. మా ఇంట్లో అమ్మను అవ్వ అనే పిలుస్తాం. "చాటింపు తాత పోయిండు బిడ్డా. తెల్లారేసరికి పానం లేదట. ఆయన బిడ్డ మాచారెడ్డి నుంచి బయలెల్లింది" అన్నది. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు వస్తవా మరి?" అని అడిగింది.

నిజం రాయాలని కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను. నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, భయం. ఆయనతో ఎవరూ మాట్లాడకూడదని మా ఊళ్ళో ఏడాదికి పైగా ఒక కట్టడి ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పరు, ఎప్పుడు తీసేస్తారో ఎవరికీ తెలియదు. బతికున్న మనిషితో మాట్లాడొద్దన్నారు సరే, పోయిన మనిషిని చూడడానికి వెళ్ళొచ్చా, పాడె పట్టొచ్చా? ఎవరిని అడగాలి? అడిగినవాడిగా నా పేరు పెద్దల చెవిన పడితే? ఫోన్ చేతిలో పట్టుకుని ఇవే లెక్కలు వేసుకుంటూ నిలబడ్డాను. హెడ్మాస్టరు ఏమైందని అడిగితే "మా తాత పోయిండు సార్" అన్నాను. బస్సెక్కాక ఆలోచిస్తే అది అబద్ధమేమీ కాదనిపించింది.

మా ఊరికి వెళ్ళాలంటే ఎల్లారెడ్డి రోడ్డు మీద బస్సు దిగి మట్టిబాటన రెండు కిలోమీటర్లు నడవాలి. ఆ ఊరికి ఏ కబురైనా నలభై ఏళ్ళు ఈ తాత నోటి నుంచే వెళ్ళింది. కరెంటు ఎప్పుడు పోతుందో, పశువుల డాక్టరు ఎప్పుడు వస్తాడో, రేషన్ బియ్యం ఏ రోజు ఇస్తారో, తప్పిపోయిన బర్రె ఎవరిదో, అన్నీ డప్పు కొట్టి చెప్పేవాడు. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఆయన్ను ఉత్త పేరుతో, అరేయ్ ఒరేయ్ అని పిలిచేవారు. నేను బడికి పోయి నాలుగక్షరాలు నేర్చాక తాత అనడం మొదలుపెట్టాను. ఆయనకు చాయ పోయడానికి మా గోడ గూట్లో ఒక గ్లాసు వేరే బోర్లించి ఉండేది. ఆ గ్లాసు సంగతి సిగ్గుపడుతూనే రాస్తున్నాను. తాత అని పిలుస్తూనే ఆ గ్లాసులో పోసిన చాయ నేనే తీసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి.

ఆయన పనికి ఒక పద్ధతి ఉండేది. ఆయనకు చదువు రాదు. చాటింపు కాగితం ఎవరైనా చదివితే, గడప బయట గొంతుక్కూర్చుని, డప్పు మోకాళ్ళ మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. రెండుసార్లు చదివించుకునేవాడు. మూడోసారి తనే చెప్పేవాడు, ఒక్క ముక్క జారేది కాదు. అంతా అయ్యాక తప్పకుండా ఒక మాట అడిగేవాడు. "ఇది ఎవలు చెప్పిండ్రని చెప్పాలె?" కరెంటోళ్ళు చెప్పిండ్రు, బ్యాంకోళ్ళు చెప్పిండ్రు, తాసీల్ ఆఫీసోళ్ళు చెప్పిండ్రు అని ఎవరో ఒకరి పేరు లేనిదే లేచేవాడు కాదు. తర్వాత గడ్డిమంట వేసి డప్పు కాచుకుని, ఊళ్ళో ఏడు చోట్ల నిలబడి చెప్పేవాడు. ఏడో చోటు ఊరి చివర ఒక ముసలమ్మ గుడిసె. ఆమెకు చెవుడు. "ఆమెకు ఇనరాదు గద తాతా, అంత దూరం ఎందుకు?" అని చిన్నప్పుడు నవ్వాను. "ఇనరాకపోతే చెప్పద్దా?" అన్నాడాయన. ఆమె ముందు నిలబడి చేతులు తిప్పి, మొహం తిప్పి, ఆమెకు అర్థమయ్యేదాకా చెప్పి వచ్చేవాడు.

ఉద్యమం రోజుల్లో మా ఊళ్ళో రోజుకో మీటింగు. ఒకసారి మా కుర్రకారు పెట్టిన సభకూ, మాకు గిట్టని పార్టీవాళ్ళ సభకూ చాటింపు ఒకే రోజు పడింది. ఆ పార్టీవాళ్ళది కొంచెం మెల్లగా చెప్పు తాతా అని మేమే బతిమిలాడాం. కల్లు పోయిస్తామన్నాం. ఆయన నవ్వాడు. "గొంతు ఒక్కటే ఉన్నది బిడ్డా. ఒకలకు పెద్దగ, ఒకలకు చిన్నగ జేసుడు నాకు రాదు" అన్నాడు. ఊరంతా రెండుసార్లు తిరిగి, రెండూ ఒకే గొంతుతో చెప్పాడు. మాకు ఒళ్ళు మండింది. వారం రోజులు ఆయన్ను ఆటపట్టించాం. ఆయనేమీ అనుకోలేదు.

ఇక నా పాపం దగ్గరికి వస్తాను. 2013లో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా సర్పంచు సీటు ఆడవాళ్ళకు పడింది. మా వైపు ఊళ్ళలో అభివృద్ధి కమిటీ అని ఒకటి ఉంటుంది. ఎన్నుకున్నది కాదు, సర్కారు వేసింది కాదు. కులానికి ఇద్దరో ముగ్గురో పెద్దమనుషులు కూర్చుంటారు, వాళ్ళ మాటే మాట. మా కమిటీ ప్రతిసారీ సర్పంచును ముందే ఖాయం చేసి ఏకగ్రీవం అనిపించేది. ఈసారి కమిటీ పెద్ద తన భార్యనే ఖాయం చేశాడు. రెండో నామినేషన్ పడొద్దన్నాడు. నేనప్పుడు ఊరి బడిలో విద్యా వలంటీరును. రాత బాగుంటుందని కమిటీ కాగితాలు నా చేత రాయించేవారు. పెద్దల పక్కన కుర్చీ వేశారంటే నాకూ కొంచెం గర్వంగానే ఉండేది.

అయినా రెండో నామినేషన్ పడింది. వేసింది మా వీధిలోనే బట్టలు కుట్టే కుట్టుమిషన్ అక్క. నేను పోయి నచ్చజెప్పబోయాను. ఆమె మిషన్ ఆపకుండానే అన్నది, "గెలుస్తనని గాదు తమ్మీ. కోడలుగ వచ్చి పదిహేనేండ్లాయె. ఈ ఊళ్ళె సర్పంచుకు ఒక్కపారి గూడ ఓటెయ్యలే. ఎట్లుంటదో ఒకసారి ఏసి చూద్దామని." అది విని వచ్చి కూడా ఆ సాయంత్రం కమిటీలో కూర్చున్నాను. తొమ్మిదిమంది పెద్దలు, రాయడానికి నేను. ఆమె ఇంటితో ఎవరూ మాట్లాడరాదని, కిరాణం, పిండి గిర్ని, పాలు ఏవీ అందరాదని, మాట్లాడినవాళ్ళకు దండుగ వేస్తామని వాళ్ళు చెప్పారు, నేను రాశాను. "ఊరు తీర్మానించినది ఏమనగా" అని మొదలుపెట్టాను. ఆ మాట ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే రాశాను. అలా రాస్తే కాగితం నిండుగా ఉంటుందనిపించింది.

మర్నాడు పొద్దున తాత మా గడప దగ్గర కూర్చున్నాడు. రెండుసార్లు చదివాను. ఆయన కళ్ళు తెరిచి, "ఇది ఎవలు చెప్పిండ్రని చెప్పాలె సారూ?" అన్నాడు.

"రాసిన్నా లేదా? ఊరు" అన్నాను.

"ఊరంటే ఎవలు? నేను ఊళ్ళె ఉన్న, నన్నెవలు అడగలే. ఆ కుట్టుమిషనామె ఊళ్ళె ఉన్నది, ఆమెను అడిగిండ్రా? గా చెవిటి ముసల్దాన్ని అడిగిండ్రా?"

నాకు బడికి ఆలస్యమవుతున్నది. ఆయన చాదస్తం వదిలించుకుంటే చాలనుకున్నాను. కమిటీలో ఎవరెవరు కూర్చున్నారో, ఎవరు ఔనన్నారో బయటికి పొక్కకూడదని గట్టి కట్టుబాటు ఉంది. ఆ క్షణాన అదీ గుర్తు రాలేదు. విసుగ్గా పేర్లు చెప్పుకుంటూ పోయాను. ఆయన ఒక్కొక్క వేలు మడిచాడు. తొమ్మిది వేళ్ళు మడిచి, మిగిలిన వేలు చూపించి, "పదోది?" అన్నాడు.

"రాసింది నేను గద. నాదే" అన్నాను.

ఆయన ఆ వేలూ మడిచాడు. డప్పు తీసుకుని లేచాడు.

మొదటి చోటు మా ఇంటికి దగ్గరే. డప్పు మోగింది, ఆగింది. "ఇనుండ్రి. తర్వాత ఇనలేదనద్దు. కుట్టుమిషనామె ఇంటితోని ఎవలు మాట్లాడద్దట, ఉప్పు పప్పు ఇయ్యద్దట. ఇది ఊరు చెప్పింది గాదు. చెప్పినోళ్ళు వీళ్ళు." ఆ తర్వాత ఇంటిపేర్లతో సహా తొమ్మిది పేర్లు. చివర నా పేరు, "పటేలింట్ల చిన్న కొడుకు, పంతులు, కాగితం రాసిండు" అని. బియ్యం చెరుగుతున్న అవ్వ చేట పక్కన పెట్టి నావైపు తిరిగింది. "నువ్వు గూడనా?" అన్నది. అవ్వ తిట్టి ఉంటే బాగుండేది.

ఏడు చోట్లా అదే చెప్పాడు. నాలుగో చోట కుట్టుమిషన్ అక్క మరిది సెల్‌ఫోన్లో రికార్డు చేసుకున్నాడట. ఊరు అన్నంతసేపు ఎవరికీ ఏమీ కాదు. పేర్లు పడేసరికి తొమ్మిది ఇండ్లలో వణుకు పుట్టింది. ఇంట్లో ఆడవాళ్ళు నిలదీశారు, ఠాణాలో కేసు అవుతుందని ఎవరో చెప్పారు. సాయంత్రానికల్లా "ఏదో మాటవరుసకు అనుకున్నం" అంటూ కట్టడి ఎత్తేశారు. నాకు మాత్రం కొలువు భయం పట్టుకుంది. కేసు పడితే వలంటీరు కొలువు పోతుంది, ఇక ఏ బడిలోనూ రానివ్వరు.

కేసు పడలేదు. ఎన్నిక జరిగింది. వానలో గొడుగులు పట్టుకుని జనం వరస కట్టారు. కుట్టుమిషన్ అక్క కొద్ది ఓట్లతో ఓడిపోయింది. సిరా పెట్టిన వేలు అందరికీ చూపిస్తూ నవ్వుకుంటూ ఇంటికి పోయింది. గెలిచినామె కంటే ఈమె మొహమే వెలిగిపోయింది.

కమిటీ కోపమంతా తాత మీదికి మళ్ళింది. పిలిపించి నిలబెట్టారు. "లోపటి పేర్లు నీకు ఎవడు చెప్పిండు?" అని కమిటీ పెద్ద గుడ్లురిమాడు. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. తాత ఒక్కసారి నావైపు చూస్తే చాలు, నా పని అయిపోయేది. ఆయన చూడలేదు. "నేనీడ పుట్టి పెరిగినోన్ని. పెద్దమనుషుల పేర్లు నాకు ఒకలు చెప్పాల్నా?" అన్నాడు. ఎంత గద్దించినా అదే మాట. చాటింపు పని తీసేశారు, మైకు పెట్టుకుంటామన్నారు. ఆ తర్వాత కట్టడి పడింది. ఈసారి డప్పు లేదు, కాగితం లేదు. చెవిలో చెవిలో పాకింది. ఎవరు చెప్పారంటే అందరూ ఒకటే అనేవారు, "ఊరు."

హోటలాయన చాయ పోయడం మానేశాడు. నాట్లకు, కోతలకు పిలవడం మానేశారు. ఎల్లారెడ్డిలో కంటి పరీక్షలకు క్యాంపు పెడితే ఆటోలో చోటుండి కూడా ఎవరూ ఎక్కించుకోలేదు. అప్పటికే ఆయన రెండు కళ్ళల్లో పొర కమ్ముకుంటున్నది. కుట్టుమిషన్ అక్క ఒక్కతే పట్టపగలు అందరూ చూస్తుండగా గిన్నెలో కూర పట్టుకుని వెళ్ళేది. నేను వెళ్ళలేదు. ఒక సాయంత్రం బండి మీద ఆయన వాకిలి ముందు నుంచి పోతుంటే, చప్పుడు గుర్తుపట్టి "సారూ" అని పిలిచాడు. వినబడనట్టు పోయాను. ఎందుకు పిలిచాడో, ఏం కావాలో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత నెలలోనే కామారెడ్డిలో ప్రైవేటు బడిలో చేరి, గది అద్దెకు తీసుకున్నాను. మంచి జీతమని అందరికీ చెప్పాను. అసలు సంగతి, ఆ వాకిలి ముందు నుంచి పోలేకపోవడం.

మరుసటి ఎండాకాలం, 2014లో, అసెంబ్లీ ఎన్నికలకు ఓటు వేయడానికి ఊరికి వెళ్ళాను. బడి ముందు వరసలో నిలబడి చూస్తే నా ముందున్నది తాత. కర్ర పొడుచుకుంటూ ఒక్కడే వచ్చాడు. ఆయనకు ముందూ వెనకా జనం బారెడు దూరం జరిగి నిలబడ్డారు. లోపల ఆఫీసరు ఆయన కళ్ళు చూసి, "తోడు ఎవరైనా ఉన్నారా? చూపు లేనివాళ్ళకు ఒకరిని లోపలికి పంపవచ్చు" అన్నాడు. ఎవరూ పలకలేదు. ఏజెంట్లుగా కూర్చున్నది మా ఊరివాళ్ళే, అందరూ బల్లల వైపు చూస్తున్నారు. ఆఫీసరుకు మా ఊరి సంగతి తెలియదు. "ఇంత మందిలో ఒక్కరు లేరా?" అని మళ్ళీ అడిగాడు.

తాత తల కొంచెం వెనక్కి తిప్పి, "నా ఎనుక ఎవలున్నరో ఆయనే వస్తడు, వస్తనంటే" అన్నాడు. నేనని తెలిసే అన్నాడో, తెలియకే అన్నాడో. కమిటీ పెద్ద కిటికీ అవతలే ఉన్నాడు. ఆ చివరి "వస్తనంటే" అన్న మాట అనకుండా ఉంటే నేను తప్పించుకునేవాణ్ణేమో. రమ్మని ఆజ్ఞాపించినా, బతిమిలాడినా మొండికేసేవాణ్ణేమో. నిర్ణయం నా చేతికే వదిలేశాడు. "వస్త తాతా" అన్నాను. లోపల చూసింది బయట ఎవరికీ చెప్పనని ఒక ఫారం మీద సంతకం పెట్టమన్నారు. పెట్టాను. "ఏం రాసిచ్చినవ్ సారూ?" అన్నాడు తాత. చెప్పాను. "మంచిగుంది" అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు కమిటీ పిలుపు వస్తుందని ఎదురుచూశాను. కామారెడ్డిలో బండి హారన్ మోగినా మా ఊరి మనిషే అనుకునేవాణ్ణి. కొత్త రాష్ట్రం వచ్చింది, ఊళ్ళో పటాకులు కాల్చారు, నన్ను ఎవరూ పిలవలేదు. ఆయనతోనూ ఎవరూ మాట్లాడలేదు. నేను మాత్రం ఊరికి వెళ్ళిన ప్రతిసారీ ఆయన వాకిట్లో కాసేపు కూర్చునేవాణ్ణి. మూడుసార్లో నాలుగుసార్లో. ఆ బండి చప్పుడు సంగతి ఆయన ఎత్తలేదు. ఎందుకు పిలిచావని అడిగే ధైర్యం నాకూ రాలేదు. వచ్చేసారి అడుగుదామనుకుంటూనే ఉన్నాను.

సోమవారం నేను చేరేసరికి వాడలో జనం బాగానే ఉన్నారు. మా వీధి నుంచి కుట్టుమిషన్ అక్క, మరో నలుగురైదుగురు. మిగతావాళ్ళు దూరంగా గోడల నీడన నిలబడి చూస్తున్నారు. రామారెడ్డి వైపు ఊరి నుంచి డప్పులవాళ్ళు వచ్చారు. పాడె లేపేటప్పుడు ఒక పక్క భుజం తక్కువైంది. పోయి పట్టాను. నా వెనక అవ్వ కూడా వచ్చిన సంగతి అప్పుడు గమనించలేదు. పూడ్చే బొంద దగ్గర కమిటీ పెద్ద కూడా కనిపించాడు. మట్టి వేసి చేతులు దులుపుకుంటున్న నా దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యేశాడు. ఎన్నడూ లేనంత మెత్తగా మాట్లాడాడు.

"ఓట్లప్పుడు లోపటికి తీస్కపోయింది నువ్వే గద. ముసలోడు ఎవలికి ఏసిండు?"

భయం వేసింది. అబద్ధమాడను. అదే పాత భయం. "చెప్ప" అన్నాను.

"సచ్చిపోయిండు గదనే. ఇంక చెప్తే ఏమయితది?"

"సచ్చినా చెప్ప."

డప్పులవాళ్ళు అప్పుడే ఆపారు. నా మాట అందరికీ వినబడింది. ఆయన చెయ్యి నా భుజం మీంచి తీసేసుకున్నాడు.

ఏమవుతుందో తెలియదు. ఈ కాగితం అచ్చయ్యేలోపు మా ఇంటి మీద కట్టడి పడవచ్చు, అవ్వ ఒక్కతే ఉంటుందక్కడ. ఆ భయంతోనే ఇది రాస్తున్నాను. రాస్తున్నంతసేపూ నాకు ఓటు వేసిన ఆ అట్ట మరుగే కళ్ళకు కడుతున్నది. మిషన్ ముందు తాత వంగి ఉన్నాడు. ఒక్కొక్క గుర్తే ఆయన చెవిలో చెప్పాను. ఆయన వేలు మీటల మీద పైనుంచి కిందికి మెల్లగా దిగింది, మళ్ళీ కొంచెం పైకి వచ్చి ఒకచోట ఆగింది. "ఇదేనా తాతా?" అన్నాను. నలభై ఏళ్ళు ఊరంతటికీ వినబడేలా చెప్పిన మనిషి అక్కడ పెదవి కదపలేదు. నా చేతిని ఒక్కసారి గట్టిగా నొక్కాడు.